ఒక మోకాలికి కోత, ఒక మోకాలికి ఓపిక

నా కుడి మోకాలికి ఆపరేషన్ జరిగింది, ఎడమ మోకాలికి జరగలేదు. రెండూ దెబ్బతిన్నవే. రెండుసార్లూ మొదట చూసిన డాక్టర్ చెప్పిన మాట ఒక్కటే: "చేయించేయండి." కుడి మోకాలి విషయంలో ఆ మాట సగం సరైనది, ఎడమ మోకాలి విషయంలో అసలు సరి కాదు. ఈ రెండింటి మధ్య పదిహేడేళ్లు గడిచాయి. మోకాలికి ఆపరేషన్ అంటున్నారు, ఏం చేయమంటావు అని ఎవరు అడిగినా నేను చెప్పేది ఇది. నేను డాక్టర్ని కాను, లెక్కలు రాసే ఉద్యోగిని. మీ మోకాలిని చేత్తో పట్టి చూసినవారి మాట నా మాట కన్నా ముందు వినండి.

ఆలోచించడానికి వ్యవధి లేని గాయాలు

మోకాలి గాయాల్లో చాలావాటికి తీరిగ్గా ఆలోచించుకునే సమయం ఉంటుంది. కొన్నింటికి ఉండదు, కాబట్టి ముందుగా వాటి సంగతి చూడాలి.

తొడ ఎముకా కాలి ఎముకా ఒకదాని మీది నుంచి ఒకటి తొలగిపోతే (చిప్ప పక్కకు జరగడం వేరు, ఇది వేరు) మోకాలి వెనక నుంచి వెళ్లే పెద్ద రక్తనాళం దెబ్బతినవచ్చు. కీలు తనంతట తానే సర్దుకున్నా ఆ ప్రమాదం పోదు. పాదం చల్లబడినా, పాలిపోయినా, స్పర్శ తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ ప్రతి గంటా విలువైనదే.

నాలుగడుగులు కూడా వేయలేకపోవడం, మోకాలు తొంభై డిగ్రీల వరకు వంగకపోవడం, చిప్ప మీదో మోకాలి బయటివైపు కింద తగిలే ఎముక బొడిపె మీదో నొక్కితే నొప్పి పుట్టడం, వయసు 55 లేదా ఆపైన ఉండడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎముక విరిగిందేమో చూడడానికి ఎక్స్‌రే తీయించాలి.

వెల్లకిలా పడుకుని కాలు చాచి పైకెత్తి చూడండి. మడమ పైకి లేవకపోతే చిప్పకు పైనో కిందో ఉన్న స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తెగి ఉండవచ్చు. దీన్ని బెణుకు అనుకుని పట్టీ కట్టుకుని కూర్చునేవాళ్లు ఉంటారు. వారాలు గడిచేకొద్దీ తెగిన కొస ముడుచుకుపోతుంది, కుట్టడం కష్టమవుతుంది.

చివరిది మోకాలు బిగుసుకుపోవడం. కొంత వంగిన చోటే ఆగిపోయి, ఎంత ప్రయత్నించినా తిన్నగా కాదు. మెనిస్కస్ అనే మెత్తటి దిండు లాంటి పొర చిరిగి, ఆ ముక్క తలుపు సందులో గుడ్డలా కీలులో ఇరుక్కుంటే ఇలా అవుతుంది. దీన్ని నెలల తరబడి వాయిదా వేయకూడదు. ఆ ముక్కను తిరిగి కుట్టగలిగే అవకాశం ఆలస్యమైనకొద్దీ తగ్గుతుంది. అయితే తాజా గాయంలో వాపు వల్ల కూడా మోకాలు తిన్నగా రాదు. అది వాపా, అడ్డమా అన్నది డాక్టరే తేల్చాలి.

ఇవేవీ లేవని తేలితే గాభరా పక్కన పెట్టవచ్చు. నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

కుడి మోకాలు

అప్పుడు నా వయసు 29. వాలీబాల్ ఆడుతూ ఎగిరి దిగేటప్పుడు పాదం నేల మీద నాటుకుపోయింది, ఒళ్లు మాత్రం పక్కకు తిరిగింది. లోపల టప్పున చప్పుడైంది. రెండు గంటల్లో మోకాలు గుమ్మడికాయలా ఉబ్బింది. అంత త్వరగా వాచిందంటే లోపల రక్తం చేరినట్టే. చప్పుడూ, వెంటనే వాపూ కలిస్తే ముందు అనుమానించవలసింది ఏసీఎల్ లిగమెంట్‌ను, అంటే మోకాలి మధ్యలో తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలిపి జారకుండా పట్టి ఉంచే పట్టీని. స్కాన్ కూడా అదే చెప్పింది: పూర్తిగా తెగింది.

డాక్టర్ రిపోర్టు చూసి, వచ్చే గురువారం ఖాళీ ఉంది, చేసేద్దాం అన్నారు. మా అక్క అప్పటికే సంచి సర్దేసింది. నేను మాత్రం భయపడి ఇంకొకరి దగ్గరకు వెళ్లాను. తెలివితో చేసిన పని కాదది. ఆ రెండో ఆవిడ స్కాన్ పక్కన పెట్టి, నన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, మోకాళ్ల కింది భాగం అంచు బయట వేలాడేలా ఉంచారు. ఎడమ మడమ కన్నా కుడి మడమ నాలుగు వేళ్లు ఎత్తులో ఉంది. "ఈ మోకాలు తిన్నగా కూడా రావడం లేదు. ఇప్పుడు కోస్తే తర్వాత ఇలాగే బిగిసిపోవచ్చు. తిన్నగా అయ్యాక రండి. ఈలోగా మీకు ఈ మోకాలితో ఏం చేయాలని ఉందో ఆలోచించుకోండి," అన్నారు.

ఆ రెండు మాటల్లోనూ అసలు విషయం అంతా ఉంది.

మొదటిది ఎప్పుడు అన్నదానికి జవాబు. ఏసీఎల్‌ను చాలావరకు కుట్టి అతికించరు, సాధారణంగా మన ఒంట్లోంచే తీసిన స్నాయువుతో కొత్తది కడతారు. కాబట్టి పాత కొసలు ఎండిపోతాయన్న తొందర అక్కడ లేదు. వాచి, బిగుసుకుని ఉన్న మోకాలికి ఆపరేషన్ చేస్తే లోపల మచ్చ కణజాలం పెరిగి కీలు పట్టేసే ప్రమాదం ఎక్కువ. అందుకే తేదీని క్యాలెండర్ కాక మోకాలే చెప్పాలి: వాపు దాదాపు పోవాలి, మోకాలు రెండో కాలితో సమానంగా తిన్నగా రావాలి, బాగా వంగాలి, కుంటకుండా నడవగలగాలి, తొడ ముందు కండరం మళ్లీ మేల్కోవాలి. గాయమైన వారానికే ఆ కండరం నీరుగారిపోతుంది. నా తొడ చుట్టుకొలత టేపుతో కొలిచి చూసుకుని ఏడ్చాను. తిన్నగా రావడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

రెండోది కావాలా వద్దా అన్నదానికి జవాబు. స్వీడన్‌లో 18 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న, ఆటలూ కదలికా అలవాటున్న 121 మందిని తీసుకుని ఒక అధ్యయనం చేశారు. అందరికీ అప్పుడే ఏసీఎల్ తెగింది. ఒక జట్టుకు వ్యాయామ చికిత్సతో పాటు వెంటనే ఆపరేషన్ చేశారు. రెండో జట్టుకు ముందు వ్యాయామ చికిత్స ఇచ్చి, అవసరమైతేనే తర్వాత ఆపరేషన్ అన్నారు. 2010లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్ల తర్వాత నొప్పిలో, పనితీరులో, ఆడగలగడంలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆగిన 59 మందిలో రెండేళ్లలో 23 మంది ఆపరేషన్ చేయించుకున్నారు, ఐదేళ్లకు ఆ సంఖ్య 30 అయింది. మిగతా సగం మందికి కత్తి తగలలేదు. నాకు గాయమైన రోజుల్లో ఈ లెక్క నా చేతిలో ఉంటే అక్క చేత సంచి అప్పుడే విప్పించేదాన్ని.

అలాగని ఆగడం ఉచితం కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. లిగమెంట్ లేని మోకాలు పట్టు తప్పి జారిన ప్రతిసారీ లోపలి మెనిస్కస్ చిరిగే ప్రమాదం ఉంటుంది. లిగమెంట్‌ను కొత్తగా కట్టవచ్చు, నలిగిపోయిన మెనిస్కస్‌ను మాత్రం చాలాసార్లు కత్తిరించి తీసేయడమే మిగులుతుంది. కాబట్టి ఆగడం అంటే ఊరికే కూర్చోవడం కాదు. వారానికి రెండు మూడు రోజులు ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్టు బరువులతో కండరాలు పెంచుకోవాలి, ఒంటికాలి మీద నిలబడడం సాధించాలి, ఎగిరి తిరిగే ఆటలు మానాలి, మోకాలిని గమనిస్తూ ఉండాలి.

నేను గమనించినది ఒక నోట్‌బుక్‌లో పద్దులుగా రాశాను. తేదీ, చేస్తున్న పని, జారిందా, మర్నాడు వాచిందా. మూడో నెల వరకు పేజీ ఖాళీ. నడక బాగుంది, సైకిల్ తొక్కుతున్నాను, ఇక ఆపరేషన్ అక్కర్లేదని అందరికీ చెప్పేశాను. నాలుగో నెలలో మొదటి పద్దు: "వెనక ఫోను మోగింది. గబుక్కున తిరిగాను. జారింది. రెండు రోజులు వాపు." మూడు వారాలకు రెండోది, మెట్ల మలుపులో. ఐదో నెల చివర మూడోది, వంటింట్లో చేతిలో వేడి గిన్నె ఉండగా. ఆట మానేస్తే బతకగలను, వంటింట్లో తిరగడం మానలేను కదా. ఆరో నెలలో ఆపరేషన్ చేయించుకున్నాను.

ఇలా పదే పదే జారే మోకాలికి ఇంకా వ్యాయామమే చేద్దాం అనడం మొండితనం. బ్రిటన్‌లో 316 మందితో చేసి 2022లో వెలువరించిన అధ్యయనం సరిగ్గా ఇలాంటివారి గురించే: గాయం పాతబడ్డాక కూడా మోకాలు నిలకడగా లేనివారు. వాళ్లలో ఆపరేషన్ జట్టే మెరుగ్గా ఉంది. దీన్నీ స్వీడన్ లెక్కనూ పక్కపక్కన పెట్టి చూస్తే గొడవేమీ లేదు. తాజా గాయానికి ముందు వ్యాయామం, జారుతూనే ఉంటే ఆపరేషన్.

కొందరికి నాలా ఆరు నెలలు చూడడం మంచిది కాదు. లిగమెంట్‌తో పాటు కుట్టగలిగే మెనిస్కస్ చిరుగు కూడా ఉన్నవాళ్లు, రెండు మూడు లిగమెంట్లు ఒకేసారి తెగినవాళ్లు, మలుపులు తిరిగే ఆటే వృత్తిగా ఉన్నవాళ్లు ముందే నిర్ణయించుకోవాలి. ఎదిగే పిల్లల సంగతి వేరే, ఎముకల చివర పెరిగే భాగాలు ఉంటాయి కాబట్టి పిల్లల మోకాళ్లు చూసే సర్జన్ దగ్గరకే వెళ్లాలి. మోకాలి లోపలివైపు ఉండే పక్క లిగమెంట్ ఒక్కటే సాగితే, తెగితే, అది చాలావరకు పట్టీతోనే మానుతుంది.

సర్జన్‌ను అడగవలసినవి

ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి, గదిలోకి అడుగుపెట్టగానే సగం మరిచిపోతాం. నేను అన్నింటికన్నా ముందు అడగమనేది ఇది: "మూడు నెలలు ఆగితే నాకు కచ్చితంగా జరిగే నష్టం ఏమిటి?" దీనికి మీ మోకాలి గురించి జవాబు రావాలి. "ఆలస్యం మంచిది కాదు" అన్నది జవాబు కాదు.

తర్వాత మెనిస్కస్ గురించి అడగండి: కుడతారా, కత్తిరిస్తారా? కత్తిరిస్తే త్వరగా లేచి తిరగవచ్చు. కుడితే ఊతకర్రలతో వారాల తరబడి ఉండవలసి రావచ్చు, కానీ మోకాలికి దాని దిండు మిగులుతుంది. లోపలికి చూశాకే తేలుతుందని సర్జన్ అనవచ్చు, అది నిజమే. అయినా రెండింటికీ సిద్ధపడి వెళ్లాలి. నేను పది రోజుల్లో ఆఫీసుకు వస్తానని చెప్పి వెళ్లాను, మెలకువ వచ్చేసరికి కుట్లు వేసి ఉన్నాయి.

కొత్త లిగమెంట్‌కు స్నాయువు ఎక్కడి నుంచి తీస్తారో అడగండి. చిప్ప కింది నుంచి తీస్తే మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు నొప్పి ఉండిపోవచ్చు. మోకాళ్ల మీద వంగి పనిచేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఆపరేషన్ చేయించుకుంటే ముందుముందు కీలు అరగదా అని కూడా అడగండి. అరగదని హామీ ఇచ్చేవారిని నేను నమ్మను.

ఇక తేదీ. ఆపరేషన్ ఒక్క పూట, దాని తర్వాతిది తొమ్మిది నెలల పైన. తిరిగి ఆటలోకి వెళ్లడాన్ని తొమ్మిదో నెల వరకు వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే అవకాశం దాదాపు సగానికి తగ్గిందని నార్వేలో 2016లో తేలింది. మొదటి వారాల్లో ఎవరు తోడుంటారు, కుడి కాలైతే బండి నడపలేని రోజులు ఎలా గడుస్తాయి, వ్యాయామానికి రోజూ గంట దొరుకుతుందా? ఆ గంట దొరకని కాలంలో ఆపరేషన్ పెట్టుకోవడం నా దృష్టిలో వృథా.

ఎడమ మోకాలు

46 ఏళ్లప్పుడు నేల మీద నుంచి లేస్తుంటే ఎడమ మోకాలి లోపలివైపు చురుక్కుమంది. పడలేదు, తిరగలేదు, చప్పుడు లేదు. రెండు నెలలు నొప్పి తగ్గకపోతే స్కాన్ తీశారు. "మెనిస్కస్ చిరుగు" అని రిపోర్టు. చిన్న రంధ్రం పెట్టి చిరిగిన అంచు తీసేస్తే సరిపోతుందన్నారు.

ఈసారి నేను పాత మనిషిని కాను. అమెరికాలో 50 దాటిన 991 మంది మోకాళ్లను స్కాన్ చేసి 2008లో ప్రకటించిన లెక్క అప్పటికి చదివి ఉన్నాను. చిరుగు కనిపించినవారిలో నూటికి 61 మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పే లేదు. వయసు పైబడ్డ మోకాలిలో చిరుగు నెరిసిన వెంట్రుక లాంటిది. కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని కాదు. ఫిన్లాండ్‌లో ఇంకా ముందుకు వెళ్లారు. 35 నుంచి 65 ఏళ్ల మధ్య ఇలాంటి అరుగుదల చిరుగు ఉన్న 146 మందిలో కొందరికి నిజంగా కత్తిరించారు, కొందరికి గాట్లు పెట్టి కత్తిరించినట్టు నటించారు. ఏడాది తర్వాత రెండు జట్లూ ఒకేలా ఉన్నాయి. ఆ ఫలితం 2013లో వచ్చింది.

నా మోకాలు బిగుసుకోవడం లేదు, జారడం లేదు. నొప్పి మాత్రమే. మూడు నెలలు తొడ, పిరుదుల కండరాలకు వ్యాయామం చేసి అప్పుడు చూద్దామన్నాను. డాక్టర్ భుజాలెగరేశారు. మొదటి నెల ఏ మార్పూ లేదు, అక్క ఫోన్ చేసి మరీ తిట్టింది. రెండో నెలలో మెట్లు ఎక్కడం తేలికైంది. దిగడం తేలిక కావడానికి ఐదు నెలలు పట్టింది.

పాత నోట్‌బుక్‌లోనే ఎడమ మోకాలికి వేరే పేజీ పెట్టాను. అందులో చివరి పద్దు పద్నాలుగు నెలల నాటిది: "మెట్లు దిగాను. టక్కుమంది. నొప్పి లేదు."