కుక్కపిల్లకు బయానా ఇచ్చే ముందు

విజయవాడలోగానీ గుంటూరులోగానీ జాతి కుక్కపిల్లను కొనబోతున్నవారు ధరతోపాటు ఇంకో సంగతి కూడా తేల్చుకోండి: రేపు దానికి పుట్టే పిల్లలపై హక్కు ఎవరిది? "పేపర్లు ఉన్నాయండీ" అన్న మాట ఒక్కటే చాలదు. జాతి కుక్కల వంశాన్ని నమోదు చేసే సంస్థ కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా; అది ఇచ్చే ధ్రువపత్రం మీ పేరుకు మారాలి. అందుకు అమ్మేవారి సంతకం కావాలి కాబట్టి డబ్బు చేతిలో పెట్టేటప్పుడే తీసుకోండి. ఆ పత్రంలోని మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే చిన్న గుర్తింపు చిప్) నంబరు, పిల్ల మెడ వెనక స్కానర్ పెడితే కనిపించే నంబరు ఒకటేనా అన్నది కూడా అక్కడే చూడండి. మొహమాటం వద్దు.

కొందరు ధర తగ్గించి, మొదటి ఈతలో ఒక పిల్ల తమకివ్వాలంటారు. గేదెను పాలికిచ్చినట్టే ఇదీ. ఒప్పుకోవడంలో తప్పులేదు గానీ, ఏ పిల్ల, ముందు ఎంచుకునేది ఎవరు, మగకుక్కతో జతకట్టించే ఖర్చు ఎవరిది, ఒక్క పిల్లే పుడితే ఏమిటి, అన్నీ కాగితం మీద పెట్టి ఇద్దరూ సంతకం చేయాలి. అసలు పిల్లలే వద్దనుకుంటే, ఆపరేషన్ చేయించుకునే స్వేచ్ఛ మీదేనని రాయించుకోండి.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పెంపకందారుకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నెలపిల్లను చూపించి ఇవాళే తీసుకెళ్లమంటే లేచి వచ్చేయండి.