ఫ్లాపీ తెరుచుకోకపోతే, డ్రైవ్ మీద చెయ్యి వేసేముందు

నాన్నగారి పాత లెక్కలున్న ఫ్లాపీని మొదటే పెట్టొద్దు. పోయినా ఫరవాలేదనుకునే డిస్కుతో డ్రైవ్‌ను పరీక్షించండి.

3.5 అంగుళాల డిస్కు మూలనున్న చిన్న మీట జరిపి రంధ్రం తెరిచి ఉంచండి. అప్పుడు దానిమీద ఏదీ రాయబడదు.

షట్టర్ (డిస్కు మీద పక్కకు జరిగే చిన్న మూత) పక్కకు జరిపి వెలుతురులో చూడండి. కడప ఎండకూ దుమ్ముకూ బీరువా మీద ఏళ్లతరబడి పడున్నవి మరీ జాగ్రత్తగా చూడాలి. బూజు మరకలుంటే ఆపేయండి. ఆ బూజు హెడ్‌కు (డ్రైవ్‌లో డిస్కును చదివే భాగానికి) అంటుకుని తర్వాత పెట్టే మంచి డిస్కునూ పాడుచేస్తుంది. నాకు అన్నిటికన్నా భయం దీంతోనే.

కేబుల్ ముట్టుకునేముందు ప్లగ్ పీకేయండి. డ్రైవ్ దీపం ఆరకుండా వెలుగుతుంటే 34 పిన్నుల కేబుల్ తిరగేసి పెట్టి ఉండొచ్చు.

కంప్యూటర్‌లో లినక్స్ అయితే ఫ్లాపీ మాడ్యూల్ (ఫ్లాపీ డ్రైవ్‌ను నడిపే చిన్న ప్రోగ్రాం) లోడయిందో లేదో చూడండి. విండోస్ ‘ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే వద్దనే నొక్కండి.