స్విట్జర్లాండ్ యాత్ర బడ్జెట్: లెక్క ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిదిద్దుకోవాలి

స్విట్జర్లాండ్‌లో ధరలు ఎక్కువే గాని, అవి దాపరికం లేని ధరలు. రైలు చార్జీలు, కొండ రైళ్ల టికెట్లు, మ్యూజియం రుసుములు బయలుదేరక ముందే తెలుసుకోవచ్చు. దుకాణంలోనూ రెస్టారెంటులోనూ రాసి ఉన్న ధరలోనే పన్ను కలిసి ఉంటుంది. అయినా చాలామంది ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇంటి దగ్గర కూర్చుని తీసుకోవలసిన నిర్ణయాలను అక్కడి స్టేషన్ కౌంటరు దాకా వాయిదా వేయడమే దీనికి ముఖ్య కారణమని నేను గట్టిగా నమ్ముతాను. లెక్క తప్పే చోట్లను ఒక్కొక్కటిగా చూద్దాం.

సమస్య: పాస్ కొన్నా ప్రయాణ ఖర్చు తగ్గలేదు

కారణం: స్విస్ ట్రావెల్ పాస్ చేతిలో ఉంటే అన్నీ ఉచితమన్న అపోహ. 3, 4, 6, 8, 15 రోజులకు దొరికే ఈ పాస్‌తో రైళ్లు, బస్సులు, సరస్సు పడవలు, నగర రవాణా అదనపు చార్జీ లేకుండా వాడుకోవచ్చు, చాలా మ్యూజియంలలోకి ప్రవేశమూ ఉంటుంది. కొండల దగ్గరకు వచ్చేసరికి మాత్రం లెక్క మారుతుంది. రిగి, స్టాన్‌సర్‌హార్న్, స్టూస్ పాస్‌లోనే కలిసి ఉన్నాయి. మిగిలినవాటిలో చాలావాటికి సగం రాయితీ వస్తుంది. అందరూ చూడాలనుకునే ఎత్తైన కొండ కనుమ యుంగ్‌ఫ్రౌయోక్‌కు గ్రిండెల్‌వాల్డ్ నుంచి గాని, వెంగెన్ నుంచి గాని పైకి వెళ్ళే భాగానికి తగ్గేది 25 శాతమే. టికెట్ చార్జీలను సగానికి తగ్గించే, ఒక నెలపాటు చెల్లే హాఫ్ ఫేర్ కార్డ్ తీసుకున్నవారికి అదే దారిలో సగం తగ్గుతుంది. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నీనా ఎక్స్‌ప్రెస్ వంటి పర్యాటక రైళ్లలో సీటు రిజర్వేషన్‌కు పాస్ ఉన్నవారు కూడా విడిగా చెల్లించాలన్న సంగతి చాలామందికి టికెట్ తీసుకునేటప్పుడే తెలుస్తుంది.

పరిష్కారం: ముందు ఏ కొండలు ఎక్కుతారో తేల్చుకోండి, పాస్ సంగతి ఆ తరువాత. స్విస్ రైల్వే సంస్థ ఎస్‌బీబీ యాప్‌లో ప్రతి ప్రయాణానికీ పూర్తి చార్జీ చూసి, రోజువారీగా కాగితం మీద రాసి, మొత్తం వేయండి. ఆ మొత్తం హాఫ్ ఫేర్ కార్డ్ ధరకు రెట్టింపు దాటితే కార్డు గిట్టుబాటు అవుతుంది. అప్పుడు కార్డు ధరకు చార్జీల్లో సగం కలపండి. పాస్ ధరకు, పాస్ ఉన్నా విడిగా కట్టవలసిన కొండ చార్జీలు కలపండి. రెండింటిలో తక్కువ వచ్చినదే మీది. సాధారణంగా ఇంటర్‌లాకెన్ వంటి ఒకే చోట బస చేసి పెద్ద కొండలు రెండు మూడు ఎక్కేవారికి కార్డు లాభిస్తుంది. జ్యూరిక్, లూసర్న్, మాంట్రూ, జెనీవా అంటూ రోజుకో ఊరు తిరిగేవారికి పాస్ లాభిస్తుంది. తేదీలు ఖాయమైనవారు ఒక రోజుకు చెల్లే సేవర్ డే పాస్‌ను కూడా ఈ లెక్కలో చేర్చుకోవాలి, ఎందుకంటే అది ఎంత ముందు కొంటే అంత చవక. ఆరేళ్ళలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. తల్లి గాని తండ్రి గాని ట్రావెల్ పాస్ కొంటే, స్విస్ ఫ్యామిలీ కార్డ్ మీద 6 నుంచి 15 ఏళ్ళ వరకు ఉన్న పిల్లలు వారితోపాటు ఉచితంగా ప్రయాణిస్తారు. ఆ కార్డుకు రుసుము లేదు, కాని పాస్ కొనేటప్పుడే అడిగి తీసుకోవడం మరచిపోకూడదు.

సమస్య: ఖరీదైన టికెట్ కొని శిఖరం చేరితే మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు

కారణం: కొండ ప్రయాణానికి ఒకే తేదీని బిగించుకోవడం. 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రౌయోక్ దగ్గర వాతావరణానికీ, కింద లోయలోని వాతావరణానికీ పొంతన ఉండదు.

పరిష్కారం: ఒక్కో పెద్ద కొండకు రెండు రోజులు అనుకూలంగా ఉంచుకుని, ఆ ఉదయం కొండ రైలు సంస్థ చూపే శిఖరపు ప్రత్యక్ష కెమెరా దృశ్యం చూశాకే టికెట్ తీసుకోండి. ముందుగా కొంటే వచ్చే కొద్ది తగ్గింపు కంటే ఈ వెసులుబాటు విలువైనదని నా అభిప్రాయం.

సమస్య: భోజనాల పద్దు రెండో రోజుకే అదుపు తప్పింది

కారణం: రెండు పూటలా రెస్టారెంట్లో తినడం. సామాన్యమైన చోట కూడా ఒక ప్రధాన వంటకం 25 స్విస్ ఫ్రాంకులు (అక్కడి కరెన్సీ) దాటడం మామూలే. కుళాయి నీటికి సైతం కొన్ని రెస్టారెంట్లు డబ్బు తీసుకుంటాయి.

పరిష్కారం: బయట తినే పూటను మధ్యాహ్నానికి మార్చుకోండి, ఎందుకంటే ఆ వేళ పెట్టే ఆ రోజు ప్రత్యేక భోజనం రాత్రి ధరల కంటే చవకగా ఉంటుంది. కూప్, మిగ్రోస్ సూపర్‌మార్కెట్లకు సొంత స్వయంసేవా రెస్టారెంట్లు ఉన్నాయి. సాయంత్రం మూసే వేళకు ఈ దుకాణాల్లో సలాడ్లు, శాండ్‌విచ్‌ల డబ్బాల మీద 25 శాతం, 50 శాతం అని రాసిన చిన్న స్టిక్కర్లు అంటిస్తారు. రాత్రి భోజనానికి అవి చాలు. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, పెద్ద స్టేషన్లలోనివి మాత్రం తెరిచే ఉంటాయి. కాబట్టి శనివారమే సరుకు తెచ్చుకోండి. కుళాయి నీరు నిశ్చింతగా తాగవచ్చు. జ్యూరిక్ నగరం ఒక్కదానిలోనే 1,200కు పైగా తాగునీటి ఫౌంటెన్లు ఉన్నాయి కనుక సీసా వెంట ఉంటే నీళ్లు కొనే పనే ఉండదు. సేవా రుసుము బిల్లులోనే కలిసి ఉంటుంది కాబట్టి టిప్ తప్పనిసరి కాదు.

సమస్య: కార్డు స్టేట్‌మెంట్ మీ లెక్కతో సరిపోవడం లేదు

కారణాలు మూడు ఉండవచ్చు. మొదటిది, చెల్లింపు యంత్రం తెర మీద రెండు మొత్తాలు కనబడతాయి: ఒకటి ఫ్రాంకులలో, రెండోది మీ సొంత కరెన్సీలో. తెలిసిన కరెన్సీ కదా అని రెండోది నొక్కితే, ఆ యంత్రం వెనుక ఉన్న సంస్థ తన లాభం కలుపుకుని వేసిన మారకపు రేటుకు మీరు ఒప్పుకున్నట్టే. ఎప్పుడూ ఫ్రాంకులనే ఎంచుకోండి. ఏటీఎంలోనూ ఇదే నియమం. రెండోది, యూరో నోట్లు ఇవ్వడం. కొన్ని చోట్ల తీసుకుంటారు గాని రేటు వారిష్టం, చిల్లర మాత్రం ఫ్రాంకులలో వస్తుంది. మూడోది, హోటల్ గాని కారు అద్దె సంస్థ గాని హామీగా కొంత సొమ్మును కార్డులో నిలిపి ఉంచడం. అది ఖర్చు కాకపోయినా అప్పటికి చేతికి అందదు. ఇలాంటి హామీలకు క్రెడిట్ కార్డును కేటాయించి, రోజువారీ ఖర్చుకు మరో కార్డు వాడితే ఇబ్బంది ఉండదు.

మారకపు రేటు విషయంలో ఒక హెచ్చరిక. 2015 జనవరి 15న ఆ దేశపు కేంద్ర బ్యాంకు స్విస్ నేషనల్ బ్యాంక్ యూరోకు 1.20 ఫ్రాంకుల కనీస రేటును ఎత్తివేయగానే ఫ్రాంకు విలువ ఒక్కసారిగా ఎగసింది. అంతటి కుదుపు అరుదే అయినా, రైలు పాస్, గది అద్దె వంటి పెద్ద ఖర్చులను ముందే చెల్లించేస్తే ఆ మేరకు భయం ఉండదు.

సమస్య: గది బిల్లు బుకింగ్‌లో చూపిన దానికంటే ఎక్కువ వచ్చింది

కారణం: మనిషికి, రాత్రికి ఇంత అని స్థానికంగా వసూలు చేసే పర్యాటక పన్ను. దీన్ని తప్పించుకోలేము గాని, దానికి బదులుగా వచ్చే దాన్ని వదులుకోకూడదు. బాసెల్, జెనీవా, టిచీనో ప్రాంతాల్లో హోటల్‌లో బస చేసేవారికి స్థానిక బస్సులు, ట్రాములు ఉచితంగా ఎక్కే అతిథి కార్డు ఇస్తారు. అది ఉన్నన్ని రోజులూ నగర రవాణా పద్దును సున్నా చేసుకోవచ్చు.

సమస్య: ఫోన్ బిల్లు అనుకోకుండా పెరిగింది

స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు. యూరప్ అంతటికీ అని తీసుకున్న కొన్ని ప్లాన్లు అక్కడ చెల్లవు. కొనే ముందు దేశాల జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూడండి.

సమస్య: యాత్ర సగంలోనే డబ్బు అయిపోవస్తోంది

కారణం వెతికే సమయం అది కాదు. ఇప్పటికే డబ్బు కట్టేసినవాటిని ముందు వాడుకోవాలి. పాస్ ఉన్నవారు మిగిలిన రోజుల్లో అదనపు కొండ టికెట్లను పక్కనపెట్టి, లూసర్న్ నుంచి పడవలో విట్స్‌నావ్ చేరి, అక్కడి నుంచి కొండ రైలులో రిగి ఎక్కి రావచ్చు. పడవా, రైలూ రెండూ పాస్‌లోనివే. హాఫ్ ఫేర్ కార్డ్ ఉన్నవారు ఒక పెద్ద శిఖరాన్ని వదులుకుని, లౌటర్‌బ్రున్నెన్ వంటి లోయలో జలపాతాల మధ్య నడిచి రావచ్చు. ఆ రోజు ఖర్చల్లా సగం చార్జీ రైలు టికెట్టూ, సూపర్‌మార్కెట్ భోజనమూ.