రొయ్యలు పడనివాళ్లకు ఒళ్లు దద్దురెక్కితే

రొయ్యల్లో ఎలర్జీకి ముఖ్య కారణమైన ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ వేడికి చెడదు. వేపుడైనా ఇగురైనా ఒకటే. రొయ్య పడనివాళ్లలో చాలామందికి పీతా పడదు. చేప సంగతి వేరు. మొదట్లో తిన్నప్పుడు పైకి ఏమీ కనపడదు, లోపల మాత్రం ఆ ప్రోటీన్‌ను శత్రువుగా గుర్తుపట్టే ఐజీఈ యాంటీబాడీలు తయారై, ఎలర్జీని రేపే మాస్ట్ కణాలకు అంటుకుంటాయి. ‘మొన్నటిదాకా తిన్నాను కదా’ అనేది అందుకే లెక్కలోకి రాదు. మళ్లీ తింటే ఆ కణాలు దురద, వాపు తెచ్చే హిస్టమిన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా వదులుతాయి. నిమిషాల్లోనే, మహా అయితే 2 గంటల్లో, పెదాలు వాచి దురద మొదలవుతుంది.

వట్టి దద్దుర్లే అయితే పెద్దవాళ్లకు సెట్రిజిన్ అనే ఎలర్జీ మాత్ర 10 మి.గ్రా. సరిపోతుంది, కానీ మనిషిని కనిపెట్టి ఉండాలి. గొంతు బిగుసుకున్నా, పిల్లికూతలు వచ్చినా, కళ్లు తిరిగినా అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన ఎలర్జీ. మాత్ర దురదను తగ్గిస్తుందే గానీ పడిపోయే బీపీని ఆపలేదు. వెంటనే 108కి ఫోన్ చేసి, వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టండి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి. నడిపించొద్దు, ఉన్నట్టుండి లేస్తే గుండె ఆగే ప్రమాదముంది. అసలు మందు అడ్రినలిన్ ఇంజెక్షన్: తొడ బయటివైపు కండలోకి, పెద్దలకు 0.5 మి.గ్రా.; తగ్గకపోతే 5 నిమిషాలకు మరొకటి. తగ్గినా గంటల తర్వాత తిరగబెట్టొచ్చు, ఆసుపత్రి నుంచి తొందరపడి రావద్దు.