ఈఎఫ్‌ఎస్ సాయంత్రానికి మొరాయిస్తుంటే

పొద్దున షేర్డ్ డిస్కులోంచి చకచకా తెరుచుకున్న లాట్ ఫొటోలూ బిల్లులూ సాయంత్రం కంటైనర్ లోడింగ్ టైముకి తెరుచుకోకుండా తిరుగుతూనే ఉంటాయి. భీమవరం రొయ్యల ప్లాంట్లలో పనిచేసేవాళ్లకి ఆ టైములో ఇది ఎంత చికాకో తెలుసు. అలాగని సర్వర్ పెంచకండి, డబ్బు దండగ.

ఆ షేర్డ్ డిస్కు అమెజాన్ ఈఎఫ్‌ఎస్ (అమెజాన్ క్లౌడ్‌లో అందరూ కలిసి వాడే ఫైళ్ల నిల్వ) అయి, బర్స్టింగ్ మోడ్‌లో (తక్కువ వాడినప్పుడు పోగయిన క్రెడిట్లు ఖర్చుపెట్టి వేగం పెంచుకునే పద్ధతి) ఉంటే, క్లౌడ్‌వాచ్‌లో (అమెజాన్ పర్యవేక్షణ టూల్) మిగిలిన క్రెడిట్లు చూపే బర్స్ట్‌క్రెడిట్‌బ్యాలెన్స్ గ్రాఫ్ చూడండి. అది సున్నాకి పడితే కారణం దొరికినట్టే: క్రెడిట్లు అయిపోయాక 100 జీబీ డేటా ఉన్న డిస్కుకి రాసే వేగం సెకనుకి సుమారు 5 ఎంబీయే. ఫైల్ సిస్టమ్ ఎడిట్‌లో త్రూపుట్ (డేటా వేగం) మోడ్‌ని ఎలాస్టిక్‌కి, అంటే వాడకాన్ని బట్టి వేగం మారేదానికి, మార్చండి, అన్‌మౌంట్ (డిస్కుని సర్వర్ నుంచి విడదీయడం) అక్కర్లేదు. చదివిన, రాసిన ప్రతి జీబీకీ చార్జీ పడుతుంది, బిల్లు మీద ఓ కన్నేయండి.

వేలకొద్దీ బుల్లి ఫైళ్ల కాపీకి మాత్రం ఈ మార్పు పనికిరాదు. అక్కడ టైము తినేది ఒక్కో ఫైలుకీ నెట్‌వర్క్ మీద వెళ్లిరావడం. వాటిని టార్‌తో (ఫైళ్లని మూటకట్టే టూల్) ఒకే ఫైలుగా కట్టి పంపండి.