ఫిజియోథెరపీ విద్యార్థులకు మొదటి క్లినికల్ పోస్టింగ్: బరంపురం వైపు ఎలా నెగ్గుకు రావాలి?

క్లినికల్ పోస్టింగ్ అంటే ఆసుపత్రిలో నిజం పేషెంట్లతో పనిచేస్తూ నేర్చుకోవడం. క్లాసులో స్నేహితుడి మోకాలు వంచడం వేరు, ఆపరేషనై వారం కూడా కాని మోకాలు వంచడం వేరు. పైగా ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఓపీడీలో ఒకరు ఒడియా మాట్లాడితే, పక్కన ఇచ్ఛాపురం నుంచి వచ్చినాయన తెలుగు మాట్లాడతాడు.

ముందురోజే కోటు, కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలిచే గోనియోమీటర్, టేపు, రిఫ్లెక్స్ హ్యామర్, జేబులో పట్టే పుస్తకం సర్దుకోండి. గోళ్లు తీసుకోండి, ఉంగరాలు ఇంట్లో పెట్టేయండి. టిఫిన్ తినే వెళ్లండి. ఖాళీ కడుపుతో వార్డులో నిలబడి కళ్లు తిరిగేవాళ్లు బ్యాచ్‌కి ఒకరైనా ఉంటారు.

మొదటి వారం మెషిన్ల మీద మోజు పడొద్దు. అడగడం నేర్చుకోండి. ఒడియాలో 'ఆంఠు' మోకాలు, 'అంటా' నడుము. పొరపాటు పడకుండా, నొప్పి ఉన్నచోట చేయి పెట్టి చూపించమనండి. పెద్దవాళ్లను 'మవుసా', 'మావుసీ' అనో, మనవాళ్లయితే 'తాతగారూ', 'అమ్మా' అనో పిలవండి. బెడ్ నంబరుతో పిలిస్తే ఎవరూ మనసు విప్పరు.

నొప్పి ఎన్నాళ్లుగా అని అడిగి ఆగిపోకండి. రోజంతా ఏం పనో కనుక్కోండి. బరంపురంలో పట్టు నేసే తెలుగు కుటుంబాలున్నాయి. నడుము నొప్పితో నేత పనివాడు వస్తే, గుంటలో కాళ్లు పెట్టి నేసే గుంట మగ్గమా, ఎంతసేపటికోసారి లేస్తాడు, ఏ కాలితో ఎక్కువ తొక్కుతాడు అని అడగండి. 'పని మానెయ్' అంటే తలూపి వెళ్తాడు, మళ్లీ రాడు. మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయమంటే వింటాడు. అదీ సూపర్‌వైజర్‌తో మాట్లాడాకే చెప్పండి. మోకాళ్ల నొప్పులవాళ్లను నేల మీద కూర్చుని లేవగలరా, ఇంట్లో మరుగుదొడ్డి ఏ రకం అని అడగాల్సిందే. నొప్పికి 0 నుంచి 10 వరకు అంకె చెప్పమంటే పల్లెటూరి ముసలమ్మకు అంతుపట్టదు. 'రూపాయిలో ఎన్నణాలు తగ్గిందమ్మా?' అంటే ఠక్కున చెబుతుంది.

ఇక చేతులు వేయడం. ఏం చేయబోతున్నారో ముందు చెప్పి, సరే అన్నాకే ముట్టుకోండి. పక్షవాతం వచ్చినవాళ్లను పడిపోయిన చేయి పట్టుకుని లాగి లేపకూడదు, భుజం కీలు దెబ్బతింటుంది. ఇంటివాళ్లు చేసేది సరిగ్గా అదే, కాబట్టి వాళ్లకూ చూపించండి. చాన్నాళ్లు మంచం మీదున్నవాళ్లకు లేపకముందు బీపీ చూడండి. నిలబడ్డ 3 నిమిషాల్లో పై బీపీ 20 గాని, కింది బీపీ 10 గాని పడిపోయినా, తల తిరుగుతోందన్నా వెంటనే కూర్చోబెట్టి సీనియర్‌ను పిలవండి. హాట్‌ప్యాక్ పెట్టే ముందు వేడి, చల్లదనం తెలుస్తున్నాయో లేదో పరీక్షించండి. షుగర్ వల్ల స్పర్శ పోయిన పాదం కాలినా తెలియదు. ఒక్క పిక్కే వాచి, వెచ్చగా ఉంటే మసాజ్ మాట ఎత్తకండి. రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, డాక్టర్‌కు చెప్పాలి.

రానిది వచ్చినట్టు నటించొద్దు. 'ఇది చేయలేదు సార్, ఒకసారి చూపించండి' అంటే చీవాట్లు పడొచ్చు, పడనివ్వండి.

కేస్ షీట్ ఆ పూటే రాయండి. 'మోకాలు బాగానే వంగుతోంది' కాదు, '90 డిగ్రీలు వంగింది' అని రాయండి. పోస్టింగ్ చివరి రోజు ఆ షీట్‌తో పాటు తర్వాతి బ్యాచ్‌వాళ్లను పేషెంట్ దగ్గరికి తీసుకెళ్లి పరిచయం చేయండి. మావుసీకి ఏ భాషలో చెబితే అర్థమవుతుందో కూడా చెప్పి అప్పగించండి.