ముప్పావు గంట సెటప్, నాలుగు నిమిషాల ఐటమ్: షోలో పెట్టుకోవాలా?

కొత్తగా షోలు ఒప్పుకుంటున్న మెజీషియన్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఐటమ్ అదిరిపోయింది, కానీ సెటప్‌కే ముప్పావు గంట పడుతోంది. డబ్బు తీసుకుని చేసే షోలో పెట్టుకోవచ్చా?" పెట్టుకోవచ్చు. నా షోలో అలాంటివి ఉన్నాయి, వాటిని వదిలే ఉద్దేశం నాకు లేదు. కాకపోతే ముప్పావు గంట అన్న అంకెను చూసి నిర్ణయించకండి. ఆ సమయం ఎక్కడ ఖర్చవుతోంది, సిద్ధం చేసింది ఎంతసేపు నిలుస్తుంది, షో ఆలస్యమైతే దాని గతేంటి, ఇవి తేల్చుకున్నాకే అవునో కాదో అనుకోవాలి.

అసలు సెటప్ మనకేం ఇస్తుంది? ప్రేక్షకుల ముందు హస్తలాఘవంతో చెయ్యాల్సిన పనిలో కొంత వాళ్ళు హాల్లోకి రాకముందే అయిపోతుంది. దాంతో అసలు ఘట్టం వచ్చేసరికి చేతులు ఖాళీగా చూపించగలుగుతాం. జేబులో చెయ్యి పెట్టే అవసరం ఉండదు. మన ధ్యాస వేళ్ళ మీద కాకుండా ఎదుటి మనిషి ముఖం మీద ఉంటుంది. ఇది చాలా పెద్ద లాభం, కానీ అన్ని ఐటమ్‌లలోనూ దొరకదు. మీదాంట్లో ఉందో లేదో తెలుసుకోవడానికి, అదే ఫలితం వచ్చే సెటప్ లేని పద్ధతి ఒకటి వెతికి నేర్చుకోండి. రెండింటినీ వేర్వేరు షోలలో, ఒకే రకం ప్రేక్షకుల ముందు చెయ్యండి. షో అయ్యాక జనం ఏం చెప్పుకుంటున్నారో పక్కన నిలబడి వినండి. "అసలు పేకను ముట్టుకోనే లేదు కదా!" అన్న మాట సెటప్ చేసిన రోజే వినిపిస్తే మీ ముప్పావు గంటకు ఫలితం దక్కినట్టే. రెండు రోజులూ ఒకే రకంగా చప్పట్లు పడితే సులువైన పద్ధతే ఉంచుకోండి, రెండో ఆలోచన వద్దు.

ఇక సమయం సంగతి. ఒక కాగితం మీద మూడు గళ్ళు గీయండి: ఇంట్లో చేసేది, హాలుకు చేరాక చేసేది, షో నడుస్తుండగా చేసేది. సెటప్‌లోని ప్రతి చిన్న పనినీ వీటిలో ఏదో ఒక గడిలో రాయండి. ఇంట్లో చేసే గంట నాకు బరువు కాదు. హాలుకు చేరాక చేసే పది నిమిషాలే బరువు. అక్కడ మైకు చూసుకోవాలి, లైట్లు ఎటునుంచి పడుతున్నాయో చూడాలి, చివరి కుర్చీల్లో కూర్చుని అక్కడినుంచి ఏం కనిపిస్తోందో గమనించాలి, మనల్ని పరిచయం చేసేవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడాలి. వీటిలో ఏది ఎగ్గొట్టినా షో మొత్తానికి దెబ్బ. పైగా సరైన తలుపు లేని గదిలో, ఎవరో ఒకరు తొంగి చూస్తుంటే ఆ పది నిమిషాలు ఇరవై అవుతాయి.

చింపిన వార్తాపత్రిక మళ్ళీ ఒక్కటయ్యే ఐటమ్ చూడండి. దీనికి అమెరికన్ మెజీషియన్ జీన్ ఆండర్సన్ పద్ధతి ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు తెలిసిందే. ప్రతి షోకీ ఒక పత్రిక ఖర్చు, దాన్ని సిద్ధం చెయ్యడానికి చాలా ఓపిక కావాలి. చూడగానే ఇది వృత్తికి పనికిరాదనిపిస్తుంది. కానీ పని మొత్తం మొదటి గడిలోనే ఉంది. నేను ఒకసారి బల్ల ముందు కూర్చుంటే నాలుగైదు పత్రికలు చేసేస్తాను: ముందు అన్నిటికీ మడతలు, తర్వాత అన్నిటికీ జిగురు, ఆపైన ఒక్కో పత్రికకు మధ్య తెల్ల కాగితం వేసి, మీద చెక్క పలక బరువు పెట్టి రాత్రంతా వదిలెయ్యడం. జిగురు పలచగా, అంచుకు కాస్త లోపలగా రాయాలి. ఎక్కువైతే అక్కడ కాగితం బిరుసెక్కి, విప్పేటప్పుడు శబ్దం మారిపోతుంది. ముందు వరసలో ఉన్నవాళ్ళు కారణం చెప్పలేరు గానీ, అక్కడ ఏదో ఉందని మాత్రం పసిగడతారు. తడి ఆరకముందే మడిస్తే పక్క పొర అంటుకుంటుంది, ఇక ఆ పత్రిక పారెయ్యాల్సిందే. ఏ వైపు పైకి రావాలో తెలిసేలా మూలన పెన్సిల్‌తో సన్నగా ఒక చుక్క పెట్టుకోండి. పెద్ద వార్త, తేదీ ఉన్న మొదటి పేజీ కాకుండా ప్రకటనలు ఎక్కువున్న లోపలి పేజీలు వాడండి. పోయిన నెల పత్రికను ఈ రోజుదిగా చూపిస్తే పిల్లలు కూడా పట్టేస్తారు. ఇంత పని ఇంట్లో అయిపోయాక హాల్లో చెయ్యాల్సింది దాన్ని పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టడమే. ఇలాంటి ఐటమ్‌కి సెటప్ ఎక్కువని భయపడనక్కర్లేదు.

అలా నిలవుండేవి వేరు, ఉండనివి వేరు. వరసగా పేర్చిన పేక డబ్బాలో ఎన్నాళ్ళయినా అలాగే ఉంటుంది. లాగిపెట్టిన ఎలాస్టిక్ రోజంతా అలాగే ఉంటే బిగువు పోతుంది, దాన్ని ఆఖర్లోనే తగిలించాలి. బెలూన్‌లో గాలి తగ్గుతుంది, బ్యాటరీ అయిపోతుంది. పాతకాలపు మెజీషియన్ మాక్స్ మలినీ అనగానే మెజీషియన్లకు గుర్తొచ్చేది మంచుగడ్డ. విందు బల్ల దగ్గర నాణెంతో బొమ్మా బొరుసా ఆడిస్తూ టోపీ ఎత్తేవాడు, కింద మంచుగడ్డ ఉండేది. పెట్టెలూ సామాన్లూ ఏమీ లేకుండా, అందరితోపాటు భోజనానికి కూర్చున్న మనిషి చేసిన పని అది. అందుకే ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. కానీ మంచు ఎవరికోసమూ ఆగదు. మీ ఐటమ్‌లో అలా కరిగేది, కారేది, సడలేది ఏముందో చూసి, అది ఎంతసేపు తట్టుకుంటుందో ఇంట్లో గడియారం పెట్టి కొలవండి. వచ్చిన సమయంలో సగమే మీ చేతిలో ఉందనుకుని ప్లాన్ చేసుకోండి.

పావురాల విషయంలో నేను ఇంకా కచ్చితంగా ఉంటాను. ప్రాణమున్న పక్షిని కోటులో పెట్టుకుని, అధ్యక్షుల ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందా అని నిలబడడం తప్పు. షో మన చేతుల్లో లేని చోట, అంటే మనకంటే ముందు ఎవరు ఎంతసేపు మాట్లాడతారో తెలియని చోట, పావురాల ఐటమ్ ఒప్పుకోవద్దు. ఒప్పుకున్నాక ఆలస్యమైతే వెంటనే బయటికి తీసి పంజరంలో పెట్టండి. మళ్ళీ లోడ్ చేసే, అంటే కోటులో దాచే, సమయం లేకపోతే ఆ రోజుకి ఆ ఐటమ్ లేదు.

ఒంటి మీద లోడ్లు, అంటే దాచిన వస్తువులు, పెట్టుకునే ఐటమ్‌లన్నిటికీ ఇంట్లో ఒక పరీక్ష ఉంది. పూర్తి సెటప్‌తో కోటు వేసుకుని గంటసేపు మామూలుగా తిరగండి. కుర్చీలో కూర్చోండి, మెట్లెక్కండి, కింద పడిన తాళం చెవి వంగి తీయండి, ఇంట్లోవాళ్ళని భుజం తట్టమనండి, దగ్గరికి తీసుకోమనండి. షో ముందు నిర్వాహకులు సరిగ్గా ఇవే చేస్తారు. ఏది జారినా, ఏది ఎత్తుగా కనిపించినా, ఏది చప్పుడు చేసినా ఆ లోడ్ చోటు మార్చాలి. గంట గడిచాక కూడా మీ నడక సహజంగా ఉంటే ఆ ఐటమ్ వృత్తికి పనికొస్తుంది. బిగుసుకుపోయి నడుస్తుంటే ఆ టెన్షన్ స్టేజీ మీదికి కూడా మీతో వస్తుంది.

మూడో గడి, అంటే షో నడుస్తుండగానే జరిగిపోయే సెటప్, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఒక ఐటమ్ ముగిసిన తీరే తర్వాతి ఐటమ్‌కి సెటప్ అయ్యేలా వరస కట్టొచ్చు. మెజీషియన్ పాల్ కర్రీ 1942లో ఇచ్చిన ఔట్ ఆఫ్ దిస్ వరల్డ్ అనే పేక ఐటమ్ సంగతే చూడండి. ప్రేక్షకుడు పేక ముక్కలను తిప్పి చూడకుండానే వాటి రంగు చెబుతూ పోతాడు, చివర్లో తిప్పి చూస్తే ఎరుపన్నీ ఒకచోట, నలుపన్నీ ఒకచోట. హాలంతా అరుపులు, ఆ క్షణంలో మీ చేతులను ఎవరూ చూడరు. తొందరపడకుండా ఎర్ర ముక్కలు ఒక కట్టగా, నల్ల ముక్కలు ఒక కట్టగా ఎత్తండి, చెరి ఇరవై ఆరు. ఆ ప్రేక్షకుడితో మాట్లాడుతూనే ఒక్క ఫారో షఫుల్ (రెండు కట్టల ముక్కలు ఒకటి మార్చి ఒకటి దూరేలా కలపడం) చెయ్యండి. ముక్క మార్చి ముక్క రంగు మారే పేక ఇప్పుడు మీ చేతిలో ఉంది. చూసేవాళ్ళకు మాత్రం పేక కలిపినట్టే కనిపించింది. అనుమానంగా ఉంటే ఒకసారి మీవైపు పరిచి చూసుకోండి, ఎక్కడైనా ఒకే రంగు రెండు పక్కపక్కన పడితే అక్కడే సర్దెయ్యండి.

ఇక గణితవేత్త, మెజీషియన్ నార్మన్ గిల్‌బ్రెత్ 1958లో ప్రచురించిన సూత్రానికి అంతా సిద్ధం. అడుగు ముక్కలు వేర్వేరు రంగులు ఉండేలా పేకను రెండుగా విడదీసి, ఇంకో ప్రేక్షకుడికి ఇచ్చి ఒక్కసారి రిఫుల్ షఫుల్ (రెండు కట్టల అంచులు ఎత్తి వదులుతూ ఒకదాంట్లో ఒకటి కలపడం) చెయ్యమనండి. బాగా కలిపినా, మొరటుగా కలిపినా తేడా లేదు. పైనుంచి రెండేసి ముక్కలు తీస్తూ పోతే ప్రతి జతలో ఒక ఎరుపు, ఒక నలుపు. ఈ రెండో ఐటమ్‌కి ఇంట్లో కూర్చుని పేక పేర్చే పని లేదు, ముందు ఐటమ్ ముగింపే దానికి సెటప్. మీ షోలోని ఐటమ్‌లను కాగితం మీద రాసుకుని, ఏది ముగిశాక సామాను ఏ స్థితిలో ఉంటుందో పక్కన రాయండి. ఇలాంటి జతలు మీకే కనిపిస్తాయి. అలాగే పూర్తిగా పేర్చిన పేక వాడేవాళ్ళు, తీసిన ముక్కను తిరిగి అదే చోట పెట్టే ఐటమ్‌లు ముందు చేసుకుంటే వరస చెడదు. సై స్టెబిన్స్ అనే పేక వరస లాంటి, చక్రంగా తిరిగే వరసనైతే ఎన్నిసార్లు కట్ చేసినా ఏమీ కాదు. వరస చెదిరే ఐటమ్‌ని చివరికి నెట్టండి.

జనం మధ్య తిరుగుతూ చేసే షోలకు మాత్రం నా జవాబు వేరు. అక్కడ ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి నడిచే పదడుగుల్లో రీసెట్ అవ్వాలి, అంటే సామాను మళ్ళీ మొదటి స్థితికి రావాలి. మూడు తాళ్ళు, నాణేలు, స్పాంజి బంతులు, చేతిలో పేక చాలు. బాత్‌రూమ్‌కి వెళ్ళి సర్దుకోవాల్సిన ఐటమ్ ఎంత గొప్పదైనా అక్కడికి తీసుకెళ్ళకండి.

స్టేజీ షోలో పెద్ద సెటప్ ఉన్న ఐటమ్‌లు ఒకటి, మహా అయితే రెండు. ఒంటి మీద ఉండేదయితే మొదట్లో చేసెయ్యండి, మిగతా షో అంతా తేలిగ్గా తిరగొచ్చు. పెట్టెలో, బల్లలో ఉండేదయితే చివరికి ఉంచినా పర్వాలేదు. ఒకే రోజు రెండు షోలుంటే మధ్య విరామంలో రీసెట్ చేద్దామనుకోకండి. విరామంలో ఫోటోలు దిగుతారు, పలకరిస్తారు, పిల్లలు వెనక్కి వచ్చి చూస్తారు. రెండు సెట్లు సిద్ధంగా తెచ్చుకోవాలి, లేదా రెండో షోకి వేరే ఐటమ్ పెట్టుకోవాలి.

పెట్టె సర్దడంలో కూడా బోలెడు సమయం మిగుల్చుకోవచ్చు. షోలో మొదట కావాల్సింది పైన, చివరిది అడుగున. ప్రతి వస్తువుకీ దాని ఆకారంలో కోసిన ఫోమ్ గుంట. గుంట ఖాళీగా ఉంటే ఏదో మర్చిపోయామని మూత వెయ్యకముందే తెలుస్తుంది. మూత లోపలివైపు సెటప్ వరస రాసిన కాగితం అంటించండి, ఎన్నేళ్ళ అనుభవమున్నా వేలు పెట్టి ఒక్కో వరుసా చదవండి. షో అయిన రాత్రే, ఏది వాడేశామో గుర్తున్నప్పుడే, ఇంట్లో చెయ్యగలిగిన రీసెట్ చేసెయ్యండి.

చివరిగా నిర్వాహకులతో మాట. షో ఒప్పుకునేటప్పుడే రాతపూర్వకంగా అడగండి: తాళం వేసుకోగల గది, షోకి ముందు నాకు మాత్రమే అరగంట, కార్యక్రమం వెనకపడితే నాకు ముందుగా చెప్పే మనిషి ఒకరు. గట్టిగా అడిగితే చాలామంది ఇస్తారు. గది లేదంటే పెద్ద సెటప్ ఉన్నదాన్ని పక్కనపెట్టి, అంతే నిడివి ఉన్న జేబు ఐటమ్ ఒకటి దాని చోట పెట్టండి. సంగీతం వాడేవాళ్ళు ఆ రెండో ఐటమ్‌ని కూడా అదే పాట నిడివికి సాధన చేసి ఉంచుకోవాలి. ఈ మార్పు చేసుకునే వీలుండాలంటే ఒప్పంద పత్రంలో ఐటమ్‌ల పేర్లు రాయకండి, షో నిడివి మాత్రం రాయండి.